మతిమరుపా? పరధ్యానమా?

(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



తాళంచెవులు ఇప్పుడే ఇక్కడే పెట్టానే అనుకుంటూ ఇల్లంతా గాలించడం, పాలు పొయ్యిమీద పెట్టి ఫోను మోగితే అవతలి గదిలోకి వెళ్ళి మాడువాసన ముక్కుకి తగిలేదాకా పాల సంగతే తలపుకు రాకపోవడం, ఫ్రిజ్ తలుపు తీసి దేనికోసం తీశామో తెలియక చల్లగాలికి నిలబడిపోవడం... ఇవి జరగని ఇల్లు వుందంటే నేను నమ్మను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అని మనవాళ్ళు సామెతే కట్టారంటే, ఇది ఈనాడు కొత్తగా వచ్చిన జబ్బు కాదన్నమాట.

అయితే, దానికి తోడు ఇంట్లోవాళ్ళ మాటలు వుంటాయి చూశారూ! "నీకు ఈమధ్య బొత్తిగా మతిమరుపు ఎక్కువైంది" అని శ్రీవారు, "అమ్మకి చెప్పి ఏం లాభం, గుర్తుండి చస్తేనా" అని పిల్లలు. పదిసార్లు వింటే మనకే నిజమనిపిస్తుంది. అందులోనూ నలభై అయిదు, యాభై దాటినవాళ్ళకి లోలోపల ఒక భయం కూడా మొదలవుతుంది. "మా పెద్దత్తయ్య చివరి రోజుల్లో కన్నకొడుకునే గుర్తుపట్టలేదు, నేనూ అలా అయిపోతానేమో" అని. ఆ భయాన్ని ఎవరితోనూ చెప్పుకోరు. చెప్పుకుంటే నవ్వుతారేమోనని ఒక బెంగ, నిజమని తేలుతుందేమోనని మరొక బెంగ. అందుకే ఈవేళ మన మనసు ఎలా పనిచేస్తుంది, దానికి ఏకాగ్రత అలవాటు చేయడం ఎలా, ఎప్పుడు భయపడాలి, ఎప్పుడు భయపడనక్కరలేదు అనే విషయాలు మీతో ముచ్చటిస్తాను.

మొట్టమొదట ఒక తేడా తెలుసుకుందాం. మరచిపోవడం వేరు, అసలు మనసులో పెట్టకపోవడం వేరు. బీరువాలో పెట్టిన చీర వెతికితే ఎప్పటికైనా దొరుకుతుంది. అసలు పెట్టనే లేదనుకోండి, బీరువా అంతా దులిపినా ఎక్కడినుంచి వస్తుంది? తాళంచెవులు టీవీ మీద పడేసేటప్పుడు మన ధ్యాస తాళంచెవుల మీద లేదు. చేతిలో కూరల సంచీ బరువు, గుమ్మంలో కొరియర్ అబ్బాయి, లోపల మోగుతున్న ఫోను - వీటి మీద వుంది. చెయ్యి తనంతట తాను ఆ పని చేసేసింది, మనసుకి కబురు అందలేదు. మనం మతిమరుపు అనుకునేవాటిలో ఎక్కువ భాగం ఇలాంటి పరధ్యానమే. పరధ్యానానికి మందు వేరు.

మరి ధ్యాస ఎందుకు చాలదు? మనసులో ఒక చిన్న అరుగు వుందనుకోండి. అప్పటికప్పుడు వాడుకోవలసిన సంగతులన్నీ ఆ అరుగు మీద కూర్చోవాలి. ఆ అరుగు మీద ఏడు, అటూ ఇటూగా మరో రెండు అంశాలు పడతాయని 1956లో జార్జి మిల్లర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు రాశాడు. తరవాత 2001లో నెల్సన్ కోవాన్ అనే మరో శాస్త్రజ్ఞుడు, ఏడు కూడా ఎక్కువే, నిజానికి నాలుగు దాకానే అన్నాడు. పోనీ, ఏడే అనుకుందాం. ఇప్పుడు ఉదయం ఏడున్నరకి వంటింట్లో నిలబడిన ఒక ఇల్లాలి మనసులోకి తొంగి చూడండి. కుక్కరు ఎన్ని కూతలు వేసిందో లెక్క. పెద్దవాడి టిఫిన్ డబ్బా, చిన్నదాని మంచినీళ్ళ సీసా. మామగారికి టిఫినుకు ముందు వేయవలసిన షుగరు మాత్ర. పనిమనిషి ఇంకా రాలేదు. గ్యాసు బుక్ చేయాలి. స్కూలు ఫీజుకి ఈవేళే ఆఖరు రోజు. లెక్కపెట్టారా? అరుగు ఎప్పుడో నిండిపోయింది. ఇప్పుడు శ్రీవారు స్నానాల గదిలోంచి "నా నీలం చొక్కా ఇస్త్రీకి వెయ్యి" అని కేక వేశారనుకోండి, అది కూర్చోవాలంటే ఎవరో ఒకరు అరుగు దిగాలి. దిగింది షుగరు మాత్ర అయిందనుకోండి! చొక్కా మరిచిపోతే ఇస్త్రీ లేని చొక్కా తొడుక్కుని పోతారు, అంతే. మాత్ర సంగతి అలా కాదు. అందుకే ఈ విషయాన్ని నవ్వి వదిలెయ్యకూడదంటాను.

ఒక గదిలోంచి మరో గదిలోకి వెళ్ళగానే "ఎందుకు వచ్చానబ్బా?" అనిపించడం మీకు అనుభవమే. గుమ్మం దాటితే మరుపు కలుగుతుందని 2011లో అమెరికాలో రాడ్వాన్‌స్కీ అనే ఆయన, ఆయన సహచరులు పరీక్షలు చేసి చూపించారు. గది మారితే మనసు కొత్త అధ్యాయం మొదలుపెడుతుందట. 2021లో ఆస్ట్రేలియాలో మళ్ళీ పరీక్షిస్తే ఇంకో సంగతి బయటపడింది. మనసు తేలికగా వున్నవాళ్ళకి గుమ్మం దాటినా పెద్ద తేడా రాలేదు. అదే సమయంలో మరో లెక్క కూడా మనసులో మోస్తున్నవాళ్ళకే మరుపు కలిగింది. చూశారా, తప్పు గుమ్మానిది కాదు, మోస్తున్న బరువుది!

ఇంకొక చిక్కు వుంది. ఒక పనిని సగంలో వదిలి మరో పనికి వెళితే, మనసు మొత్తం మనతో రాదు. కొంత భాగం పాత పని దగ్గరే చీర చెంగు మేకుకి తగులుకున్నట్టు చిక్కుకుపోతుంది. సోఫీ లెరాయ్ అనే ఆవిడ 2009లో దీన్ని పరిశోధించి చూపించింది. గంటలో పదిసార్లు పని మార్చే మనకి సాయంత్రానికి "ఏమీ చేయలేదు గాని, ప్రాణం సోలిపోయింది" అనిపించడంలో వింత లేదు కదా.

"మరి అష్టావధానం చేసేవాళ్ళ మాటేమిటి? వాళ్ళు ఒకేసారి ఎనిమిది పనులు చేయడం లేదూ?" అని మీలో ఎవరైనా అడగవచ్చు. మంచి ప్రశ్న. అవధానం అంటేనే శ్రద్ధ, ఏకాగ్రత అని అర్థం. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి ప్రజలకు చేరువచేసిన ఈ విద్య మన తెలుగువాళ్ళకు ఎంతో ప్రియమైనది. ఈనాడు స్త్రీలు కూడా అవధానాలు చేస్తున్నారు. ఈసారి అవధానం చూసినప్పుడు పద్యాలతోబాటు పద్ధతిని కూడా గమనించండి. ఎనిమిదిమంది పృచ్ఛకులు వుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది, ఒకరు వర్ణన. నిషిద్ధాక్షరి అడిగేవారు అడుగడుగునా ఈ అక్షరం వాడవద్దంటారు. ఒకరు మధ్య మధ్య గంట కొడుతుంటే ఆ గంటలు లెక్కపెట్టుకోవాలి. మన కుక్కరు కూతల్లాగే! అప్రస్తుత ప్రసంగం చేసేవారి పనల్లా అడ్డదిడ్డమైన ప్రశ్నలతో అవధాని ధ్యాస చెడగొట్టడమే. ఈ పాత్ర మన ఇంట్లో ఫోనుది.

అయితే అవధాని ఎనిమిదిమందికీ ఒకేసారి జవాబు చెప్పరు. ఒకరి వైపు తిరుగుతారు, పద్యంలో ఒక పాదం చెబుతారు. ఆ పాదం ముగించాకే రెండోవారి వైపు తిరుగుతారు. అలా నాలుగు ఆవృత్తాలలో నాలుగు పాదాలూ పూర్తవుతాయి. చివర ధారణలో పద్యాలన్నీ వరసగా అప్పజెబుతారు. అంటే ఏ క్షణానికి ఆ క్షణం ఒక్కటే పని. వదిలేటప్పుడు ఒక పాదం చివర, ఒక కొలిక్కి తెచ్చి వదలడం. మళ్ళీ అందుకోవడానికి యతి, ప్రాస, ఛందస్సు అనే కొక్కేలు వుండనే వున్నాయి. మొదటి పాదంలో రెండో అక్షరం ఏదో, మిగతా పాదాల్లోనూ అదే రావాలి కదా, ఆ కొక్కెం పట్టుకుంటే పాదం పైకి వస్తుంది. పైగా సభను నడపడానికి పక్కన ఒక సంచాలకులు వుంటారు, ఎవరి వంతు ఎప్పుడో ఆయన చూసుకుంటారు. మన ఇంట్లో పృచ్ఛకులకు కొదవ లేదు గాని, సంచాలకులే లేరు!

ఇక అసలు ప్రశ్న. సాధన చేస్తే మెదడు పదునెక్కుతుందా? ఎక్కుతుంది. కాని దేనికి సాధన చేస్తే దానికే ఎక్కుతుంది. దీనికి ఒక చక్కని ఉదాహరణ చెబుతాను. అమెరికాలో పిట్స్‌బర్గ్ నగరంలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఒక కాలేజీ కుర్రాడిని తీసుకుని, అంకెలు వరసగా చదివి వినిపించి తిరిగి చెప్పమన్నారు. అందరిలాగే మొదట్లో ఏడు అంకెలు చెప్పేవాడు. వారానికి మూడు నుంచి అయిదు రోజులు, రోజుకి దాదాపు ఒక గంట, అలా ఏడాదిన్నరకు పైగా మొత్తం 230 గంటల సాధన చేశాక ఏకంగా 79 అంకెలు చెప్పగలిగాడు. ఈ ఫలితాన్ని 1980లో ప్రకటించారు. అతను పరుగు పందాల కుర్రాడు. అంకెలను మూడేసి నాలుగేసి చొప్పున గుదిగుచ్చి, ఇది ఫలానా పందెం పూర్తిచేసిన సమయం అని గుర్తు పెట్టుకునేవాడు. అవధానికి ఛందస్సు ఎలాగో అతనికి పరుగు పందెం అలాగ. సరే, అంత ఘనుడికి అంకెలకు బదులు అక్షరాలు చదివి వినిపించారు. ఎన్ని చెప్పాడనుకున్నారు? ఆరు! అంటే మనసులోని అరుగు వెడల్పు కాలేదు. అంకెలను కట్టగట్టే నేర్పు మాత్రమే అబ్బింది.

ఇది మనం గట్టిగా గుర్తుపెట్టుకోవలసిన విషయం. సుడోకులు, పదకేళీలు, ఫోనులో వచ్చే "మెదడు ఆటలు" ఆడితే ఆ ఆటలు బాగా వస్తాయి. కాలక్షేపానికి మంచివే. కాని వాటివల్ల పాలు పొంగకుండా గుర్తుంటుందనుకోవద్దు. లుమాసిటీ అనే పేరుతో ఇలాంటి ఆటలు అమ్మిన ఒక అమెరికన్ కంపెనీ, తగిన ఆధారం లేకుండా గొప్పలు చెప్పుకుని ప్రజలను తప్పుదారి పట్టించిందనే ఆరోపణ మీద 2016లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో 20 లక్షల డాలర్లు కట్టి రాజీపడింది. కనుక "నెలరోజుల్లో మేధస్సు రెట్టింపు" అని ప్రకటన కనబడితే మీ పర్సు మూసి పెట్టుకోండి. మనకి కావలసింది ఇంటి పనుల్లో ధ్యాస. కాబట్టి సాధన కూడా ఇంటి పనుల్లోనే చేద్దాం. కాణీ ఖర్చు లేదు.

మొదటిది: కొన్ని పనులకు "తోడు పని" పెట్టుకోవద్దు. అన్ని పనులూ ఒక్కొక్కటిగా చేయమంటే సంసారం సాగదు, నాకు తెలుసు. పప్పు ఉడుకుతుంటే కూర తరుక్కోవచ్చు, బట్టలు మడతపెడుతూ పాటలు వినవచ్చు. కాని పాలు కాచడం, నూనె మూకుడు, మందులు వేయడం, డబ్బు లెక్క, ఫోనులో డబ్బు పంపడం - ఈ అయిదింటికి మాత్రం ఒంటిపూజ చేయండి. ఫోను మోగితే మోగనివ్వండి. నిజంగా అవసరమైనవాళ్ళు మళ్ళీ చేస్తారు.

రెండవది: పాదం ముగించి లేవండి. తలుపు గంట మోగింది, తప్పదు. లేచే ముందు రెండు సెకండ్లు ఆగి, "ఉప్పు వేశాను, కారం వెయ్యాలి" అని ఒక్క ముక్క అనుకోండి. వీలైతే కారం డబ్బా మూత తీసి గట్టు మీద ఎదురుగా పెట్టి వెళ్ళండి. తిరిగి రాగానే ఆ డబ్బాయే మీకు ప్రాస అందిస్తుంది.

మూడవది: పైకి చెప్పండి. రైలింజనులో లోకో పైలట్, ఆయన సహాయకుడు సిగ్నల్ కనబడగానే దాని రంగును ఒకరికొకరు బిగ్గరగా చెప్పుకుంటారు. జపాను రైళ్ళలో అయితే వేలితో చూపించి మరీ చెబుతారు. ఏళ్ళ తరబడి అదే పని చేసేవాళ్ళకే చెయ్యి అలవాటుగా పోతుంది, ధ్యాస తప్పుతుంది. అందుకే ఈ నియమం. మీరూ వీధి తాళం వేస్తూ "తాళం వేశాను", సిలిండరు దగ్గర వేలు చూపించి "గ్యాసు కట్టేశాను" అనండి. చెవి విన్నది, కన్ను చూసింది, నోరు పలికింది. ఇక బస్సెక్కాక "గ్యాసు కట్టానా లేదా" అని గుండె దడదడలాడదు. పక్కింటివాళ్ళు నవ్వుతారంటారా? నాలుగు రోజులు నవ్వి వాళ్ళూ మొదలుపెడతారు.

నాలుగవది: కొత్త పనిని పాత అలవాటుకు తగిలించండి. "ఈవేళ మాత్ర వేసుకోవాలి" అనుకుంటే గాలిలో దీపమే. "కాఫీ గ్లాసు కడిగి బోర్లించగానే మాత్ర వేసుకుంటాను" అనుకోండి. ఫలానా పని అవగానే ఫలానా పని అని ముడివేసుకుంటే పని జరగడానికి అవకాశం బాగా పెరుగుతుందని పీటర్ గోల్విట్జర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు 1990లనాటి నుంచి పరిశోధనలు చేసి చూపించాడు. మన పెద్దలు చెంగుకి ముడివేసుకోవడంలో వున్న తెలివి ఇలాంటిదే.

అయిదవది: కాగితానికి అప్పగించండి. గోడకి ఒక క్యాలెండరు, దానికి దారంతో కట్టిన పెన్సిలు. ఫీజు తేదీలు, పాలలెక్క, టీకాలు అన్నీ దానిమీదే. రాసుకోవడం చేతకానితనం అనుకునేవాళ్ళున్నారు. బ్యాంకులో గుమాస్తా లెక్కలన్నీ నోటికి పెట్టుకుంటున్నాడా? అరుగు ఖాళీ అయితే దానిమీద వేరే మంచి ఆలోచన కూర్చుంటుంది.

ఆరవది: నిజంగా గుర్తుండాలనుకున్నదాన్ని తిరిగి తిరిగి తలుచుకోండి. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ పండితుడు అర్థంలేని అక్షరాల వరసలు తానే బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత మరిచిపోతున్నాడో తన మీదే పరీక్షించుకుని 1885లో పుస్తకం రాశాడు. నేర్చుకున్నదానిలో సగానికి పైగా గంటలోపే జారిపోయింది! కాని ఒకే రోజు పదేపదే వల్లించేకంటే కొన్ని రోజుల ఎడంతో వల్లిస్తే తక్కువ శ్రమతో నిలుస్తుందని కూడా ఆయనే కనిపెట్టాడు. 2006లో అమెరికాలో చేసిన పరీక్షల్లో, పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళకంటే పుస్తకం మూసి గుర్తు తెచ్చుకున్నవాళ్ళకి వారం తరవాత ఎక్కువ గుర్తున్నట్టు తేలింది. పిల్లల చదువుకి ఇది ఎంత పనికొస్తుందో చూడండి. "ఇంకోసారి చదువు" అనేబదులు "పుస్తకం మూసి నాకు చెప్పు" అనండి. మీరు కూడా శ్రీవారి ఫోను నంబరు, పుట్టింటి నంబరు చూడకుండా చెప్పగలరేమో పరీక్షించుకోండి. ఫోను పోయిన రోజున అక్కరకొస్తుంది.

ఏడవది: రోజుకి ఒక్క పావుగంట మీ కోసం. ఆ పావుగంటా ఒకే పని. పుస్తకం చదవండి, సంగీతం సాధన చేయండి, చుక్కలు తప్పకుండా ముగ్గు వేయండి, జపం చేసుకునేవారు జపం చేసుకోండి. ఫోను వేరే గదిలో పెట్టండి. మనసు పదిసార్లు పారిపోతుంది, దాన్ని తిట్టకండి. పారిపోయిందని గమనించి వెనక్కి పిలవడమే సాధన. నడక నేర్చే పిల్లవాడు పడి లేచినట్టే ఇదీనూ.

వీటన్నిటికీ పునాది నిద్ర, నడక. పెద్దవాళ్ళకి కనీసం ఏడు గంటల నిద్ర కావాలని వైద్యులంటారు. అందరూ పడుకున్నాక పడుకుని, అందరికంటే ముందు లేచే ఇల్లాలికి అది దక్కుతోందా? పగలు నేర్చుకున్నది మనసులో కుదురుకునేది నిద్రలోనే. ఇక నడక. 2011లో ప్రకటించిన ఒక అమెరికన్ పరిశోధనలో 120 మంది పెద్దవాళ్ళలో సగం మందిని వారానికి మూడు రోజులు, నలభై నిమిషాల వరకూ ఏడాదిపాటు నడిపించారు. జ్ఞాపకానికి ముఖ్యమైన హిప్పోకాంపస్ అనే మెదడు భాగం వాళ్ళలో సుమారు 2 శాతం పెరిగింది. ఒళ్ళు సాగదీసే వ్యాయామం మాత్రమే చేసిన తక్కిన సగం మందిలో అది కొద్దిగా తగ్గింది. ఒక్క పరిశోధనతో అన్నీ తేలిపోవు గాని, నడకవల్ల గుండెకి, షుగరుకి మేలే కదా. నష్టమేముంది?

ఇక భయం సంగతి. తాళంచెవులు ఎక్కడ పెట్టామో మరిచిపోవడం మామూలే. తాళంచెవి దేనికో తెలియకపోవడం, రోజూ వెళ్ళే బజారునుంచి ఇంటికి దారి తప్పడం, అడిగిన ప్రశ్నే పదినిమిషాల్లో మళ్ళీ మళ్ళీ అడగడం, చేయి తిరిగిన వంట వరస తప్పిపోవడం, ఇవి కనబడితే మాత్రం డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. వెళితే ఏమవుతుందోనని మానెయ్యకండి. ఎందుకంటే కొన్నిసార్లు కారణం నయమయ్యేదే. థైరాయిడ్ తగ్గడం, రక్తహీనత, దిగులు జబ్బు, చెవి సరిగా వినబడకపోవడం, కొన్ని నిద్రమాత్రలు, ఇవన్నీ మతిమరుపులా కనబడవచ్చు. బి12 విటమిను లోపం మరొకటి. అది పాలు, పెరుగు, గుడ్లు, మాంసాహారాల్లో వుంటుంది. కూరగాయల్లో వుండదు. కనుక అందరికీ వడ్డించి, తనకి నీళ్ళమజ్జిగతో సరిపెట్టుకునే శాకాహారి ఇల్లాలికి అది తగ్గే ప్రమాదం వుంది. షుగరుకి మెట్‌ఫార్మిన్ మాత్ర ఏళ్ళ తరబడి వాడేవారికి కూడా తగ్గవచ్చు. మామూలు రక్తపరీక్షలో తెలిసిపోతుంది. నెలసరి నిలిచిపోయే వయసులో మనసు మసకబారినట్టుండటం చాలామందికి అనుభవమే. ఎక్కువమందిలో ఆ దశ దాటాక సర్దుకుంటుంది.

చివరగా ఒక్క మాట. ఇంట్లో నలుగురుంటే నలుగురి సంగతులూ ఒక్కరి మనసే మోయాలని ఎక్కడా రాసిలేదు. మోస్తున్నన్నాళ్ళూ ఎవరికీ ఆ బరువు కనబడదు. ఒక్కటి జారిపడిన రోజున మాత్రం అందరికీ కనబడుతుంది, "నీకు మతిమరుపు" అంటారు. పదేళ్ళ పిల్లవాడు తన నీళ్ళసీసా తాను గుర్తుపెట్టుకోగలడు. శ్రీవారు గ్యాసు బుక్ చేయగలరు, కరెంటు బిల్లు కట్టగలరు. ఒక పని అప్పగిస్తే దాన్ని గుర్తుంచుకునే బాధ్యతతో సహా అప్పగించండి. "గుర్తుచెయ్యి, చేస్తాను" అంటే సగం పని మీ దగ్గరే వుండిపోయినట్టు. మొదట్లో రెండుసార్లు మరిచిపోతారు. మరిచిపోనివ్వండి, వాళ్ళకీ సాధన కావాలి కదా!

రేపు పొద్దున్నే ఈ ఏడూ ఒక్కసారిగా మొదలుపెట్టకండి. అదీ అరుగు మీద బరువే అవుతుంది. ఒక్కటి తీసుకోండి, పాలు పొయ్యిమీద వున్నంతసేపూ పాల దగ్గరే వుండటం. ఒక వారం అది కుదిరాక రెండోదానికి వెళ్ళండి.